గ్యాసే గరిటె

మేడ్చల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకసారి అడిగింది: "సార్, గోబర్ గ్యాస్‌కు పేడ కావాలి కదా, బోయిన్‌పల్లి మార్కెట్లో ఆవులెక్కడున్నాయి?"

ఆవు అక్కర్లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులుంటే చాలు. మేడ్చల్ హైవే మీదుగా నగరంలోకి వస్తుంటే తగిలే ఆ కూరగాయల మార్కెట్లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం పోగవుతుంది. దాన్ని సన్నగా నలగ్గొట్టి, గాలి చొరని ట్యాంకులో గ్యాస్‌గా మార్చేందుకు తార్నాక ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో ఎ. గంగాగ్నిరావు బృందం ఒక రియాక్టర్ రూపొందించింది.

ట్యాంకులో రెండు వర్గాలుంటాయి. మొదటి వర్గం బ్యాక్టీరియా కుళ్లును చక్కెరలుగా, చక్కెరలను ఆమ్లాలుగా విరగ్గొడుతుంది. మహా తొందర వాటికి. రెండో వర్గానికి చెందిన ఆర్కియాలు ఎసిటిక్ ఆమ్లాన్ని తిని మీథేన్ వదులుతాయి. ఇవి పెరిగేది నెమ్మదిగా. ఆక్సిజన్ తగిలితే బతకవు, పులుపు ముదిరినా పని మానేస్తాయి. పేడతో ఈ పేచీ తక్కువ, తేలిగ్గా అరిగే చక్కెరలను ఆవు ముందే తినేసి ఉంటుంది. టమాటాలు అలా కాదు, గంటల్లోనే పులుస్తాయి. కోళ్ల పెంటది ఇంకో తంటా: నత్రజని ఎక్కువ, అమ్మోనియా పుట్టి ఆర్కియాలను అణిచేస్తుంది. శామీర్‌పేట వైపు కోళ్లఫారాల వాళ్లకు ఆ ఘాటు నేను చెప్పక్కర్లేదు.

కొత్త మేత ఒకేచోట పేరుకోకుండా కలుపుతూ ఉండాలి. లోపల మర పెడితే పీచు చుట్టుకుని ఆగిపోతుంది. బాగుచేయడానికి మూత తీస్తే గాలి దూరుతుంది. అందుకే గ్యాస్‌లిఫ్ట్ పద్ధతి: పుట్టిన గ్యాస్‌తోనే కలపడం. బుడగలు చేరినచోట జావలాంటి స్లర్రీ తేలికై పైకి లేస్తుంది, బరువైన స్లర్రీ పక్కనుంచి దిగి ఆ ఖాళీ నింపుతుంది. లోపల తిరిగే భాగమే లేదు! వండుతున్న కూరే గరిటె తిప్పుకున్నట్టు. ఈ యంత్రం మొత్తంలో నాకు నచ్చింది ఇదే.

మిగతాదంతా శుద్ధి. ముడి వాయువులో మీథేన్ 55–65 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఐరన్ ఆక్సైడ్ పట్టేస్తుంది. పీడనంతో నీళ్లలోంచి పంపితే కార్బన్ డయాక్సైడ్ కరిగిపోతుంది, మీథేన్ దాదాపు కరగదు. మీథేన్ 90 శాతం దాటాక 200 బార్లకు పైగా కుదిస్తే సీఎన్‌జీ బండ్లకు సరిపోయే సీబీజీ (కుదించిన బయోగ్యాస్). జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో చెత్తగుట్టను కప్పి, లోపల ఊరే వాయువును గొట్టాలతో లాగేదీ ఇందుకే.

బోయిన్‌పల్లి ప్లాంటు సీబీజీ దాకా పోలేదు. 2021 జనవరి 'మన్ కీ బాత్'లో ప్రధాని చెప్పిన లెక్క ప్రకారం అప్పట్లో అక్కడ రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవఇంధనం వచ్చేవి. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి.