పెద్దలు కూర్చుని సర్దేసే విషయం కాదు



మాది భోగాపురం. చిన్నప్పుడు దీపాలవేళ పిల్లలమంతా భజనకు వెళ్లేవాళ్లం. మాతో వచ్చే ఒక పిల్ల, నాకంటే ఏడాది చిన్నది, ఉన్నట్టుండి రావడం మానేసింది. "ఏమొచ్చిందే గుంటా నీకు?" అని అమ్మమ్మ గద్దిస్తే, తాళాలు వాయించే ఒక పెద్దమనిషి పేరు చెప్పి బావురుమంది. ఆ రాత్రి నలుగురూ అరుగు మీద కూర్చుని ఆయన్ని మందలించారు. పిల్ల తల్లితో, "నోరు జారకమ్మా, రేపు దీనికి పెళ్లి కావాలి కదా" అన్నారు. మర్నాడు కూడా ఆయన తాళాలు వాయిస్తూనే వున్నాడు. భజన మానింది పిల్ల ఒక్కతే.

ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు, ఒక్క మతం సంగతీ కాదు. గుడి, చర్చి, మసీదు, ఆశ్రమం ఏదైనా సరే, అక్కడి పెద్దల కాళ్లకు దండం పెట్టమనీ, వాళ్ల మాట కాదనకూడదనీ పిల్లలకు నేర్పేది మనమే. అలాంటి మనిషి మీద పిల్ల ఒక మాట చెబితే నమ్మడానికి ముందు మనకే నోరు రాదు. పైగా "మన మతం పరువు పోతుంది, క్షమించడం ధర్మం కదా" అంటారు. క్షమించమని అడిగేది ఎవర్ని? దెబ్బతిన్న పసిదాన్ని!

ఫిర్యాదులొచ్చిన ఫాదర్లను పోలీసులకు అప్పగించకుండా ఒక చర్చి నుంచి మరో చర్చికి మార్చిన వైనాన్ని 2002 లో అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. కొత్త చోట కొత్త పిల్లలు బలయ్యారు. చివరికి 2019 లో పోప్ ఫ్రాన్సిస్, ఇలాంటివి తెలిసిన ఫాదర్లూ సిస్టర్లూ పై అధికారులకు చెప్పి తీరాలని నియమం పెట్టారు.

మన దేశంలో ఆశారాం మీద 2013 లో ఫిర్యాదు చేసింది ఆయన భక్తుల కుటుంబమే. సాక్షుల మీద దాడులు జరిగాయి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా ఆ కుటుంబం వెనక్కి తగ్గలేదు. 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మన పొరుగునే విశాఖపట్నంలో 2023 జూన్‌లో, ఒక బాలిక ఫిర్యాదు మీద ఒక ఆశ్రమాధిపతిని పోలీసులు అరెస్టు చేశారు. నిజానిజాలు తేల్చవలసింది కోర్టే గాని, అరుగు మీద కూర్చున్న పెద్దలు కాదు.

పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమలులో వుంది. ఇందులో ఆడపిల్లలే కాదు, పద్ధెనిమిదేళ్లలోపు మగపిల్లలూ వస్తారు. మత సంస్థలో పనిచేసేవాడే అక్కడ తప్పు చేస్తే శిక్ష మరింత ఎక్కువ. సంగతి తెలిసి పోలీసులకు చెప్పనివాళ్లకు ఆరు నెలల దాకా, సంస్థను నడిపేవాళ్లయితే ఏడాది దాకా జైలు. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ రాదు. రాజీపడ్డామని కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"పోలీసుస్టేషను మెట్లెక్కాలా?" అని భయపడకండి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫారంలో రాకూడదు. ఆడపిల్లకు పరీక్ష లేడీ డాక్టరే చెయ్యాలి. పేరుగాని ఫోటోగాని పత్రికల్లో వెయ్యకూడదు. 1098 కి గాని 112 కి గాని ఫోను చేస్తే చాలు.

ఇక ఇంట్లో మనం చెయ్యవలసింది చాలా చిన్నది. పిల్ల చెబుతుంటే మధ్యలో ఆపకండి. "నువ్వెందుకెళ్లావ్?" అనకండి. ఒకటికి పదిసార్లు చెప్పించకండి. ఒంటికి స్నానం చేయించకుండా, బట్టలు ఉతికేయకుండా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. "నీ తప్పేం లేదమ్మా" అనండి.

మొన్నామధ్య విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో ఆ స్నేహితురాలు కనిపించింది. ఇప్పుడు తనే అమ్మమ్మ. పాత కబుర్ల మధ్య నెమ్మదిగా అంది: "మా అమ్మ నన్ను నమ్మిందప్పా. కానీ నాకోసం నిలబడలేదు."

మనం నిలబడదాం. సెలవు.