ముందు ఇరుసుకు తిరిగి చేరవలసిన బరువు

ఉత్తర అమెరికాలో సెలవు యాత్రలకు వాడే ట్రావెల్ ట్రైలర్ అంటే వంటగది, పడకలు, స్నానాల గది అమర్చి, పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. ఆ ఇంటి బరువంతా దాని సొంత చక్రాలే మోయవు; అందులో సాధారణంగా 10 నుంచి 15 శాతం, ట్రక్కు వెనుక కొసన ఉండే బాల్ అనే ఇనుప గుండు మీద పడుతుంది. దీనిని నొగ బరువు అనడం సబబు. ఎడ్లబండిలో సరుకు ముందుకు జరిగితే కాడి మెడలను నొక్కినట్లు, వెనక్కి జరిగితే కాడి పైకి లేచినట్లు, ఇక్కడా సామాను సర్దిన తీరును బట్టే ఆ బరువు మారుతుంది. అది మరీ తగ్గితే ట్రైలర్ దారిలో అటూ ఇటూ ఊగిపోయే ప్రమాదం ఉన్నందున, తగ్గించుకోవడం పరిష్కారం కాదు.

బాల్ వెనుక ఇరుసుకు ఇంకా వెనుకగా ఉండటంతో, వెనుక ఇరుసు ఆధారంగా ట్రక్కు తక్కెడ కాడలా మొగ్గుతుంది. 2,500 కిలోల ట్రైలర్ బాల్ మీద 300 కిలోలు మోపిందనీ, బాల్ వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉందనీ, ట్రక్కు రెండు ఇరుసుల మధ్య 3.6 మీటర్లు ఉన్నాయనీ అనుకుంటే, ముందు ఇరుసు 100 కిలోలు కోల్పోతుంది, వెనుక ఇరుసు మీద 400 కిలోలు పెరుగుతాయి. స్టీరింగుకు లోబడేవి ముందు చక్రాలే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పడేదీ వాటి మీదే కనుక, ఆ 100 కిలోల లోటు చిన్నది కాదు.

ఈ లోటును పూడ్చేదే బరువును పంచే హిచ్. బాల్ కింది తలలో దూర్చిన రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీల వెనుక కొసలను ట్రైలర్ చట్రానికి గొలుసులతో పైకి లాగి కట్టినప్పుడు, ఆ కడ్డీలు మీటల్లా పనిచేసి వెనుక ఇరుసు మీది భారంలో కొంత ముందు ఇరుసుకూ, కొంత ట్రైలర్ చక్రాలకూ మళ్ళిస్తాయి. పై ఉదాహరణలో ముందు ఇరుసుకు 50 కిలోలు తిరిగి రావాలంటే, ట్రైలర్ ఇరుసు బాల్‌కు 5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, దాని మీద సుమారు 30 కిలోలు పెరుగుతాయి. వెనుక ఇరుసు మీది అదనం 400 నుంచి 320కి దిగుతుంది.

సర్దుబాటుకు కంటి అంచనా చాలదు, టేపు కావాలి. యాత్రకు సిద్ధంగా సామాను నింపిన ట్రక్కును చదునైన నేల మీద నిలిపి, ముందు మడ్‌గార్డు అంచు నేలకు ఎంత ఎత్తున ఉందో ట్రైలర్ తగిలించక ముందు ఒకసారి, కడ్డీలు బిగించకుండా తగిలించాక ఒకసారి, బిగించాక మరొకసారి కొలవాలి. మొదటి కొలత 900 మిల్లీమీటర్లు, రెండోది 920 అయితే, పెరిగిన ఎత్తులో సగం తగ్గించమని చెప్పే వాహనానికి మూడోది 910 రావాలి. పూర్తిగా తగ్గించమనే వాహనానికి 900 రావాలి. ఎంత అన్నది ఆ వాహనపు పుస్తకమే చెప్పాలి. ఎత్తు ఇంకా దిగకపోతే గొలుసులో మరో లంకె పైకి లాగాలి, లేదా హిచ్ తలను వెనక్కి ఇంకొంచెం వంచాలి. ట్రైలర్ సమతలంగా, లేదా ముందుకు కాస్త వాలి ఉండాలి.

అతిగా బిగించడం తక్కువ బిగించడం కంటే మేలన్న నమ్మకం తప్పు. అప్పుడు వెనుక ఇరుసు తేలికై, తడి రోడ్డు మలుపులో వెనుక చక్రాలు పట్టు తప్పి, ట్రక్కు, ట్రైలర్ ఒకదాని మీదికి ఒకటి మడుచుకుపోవచ్చు. కడ్డీలను తగిలించేటప్పుడూ విప్పేటప్పుడూ, బాల్‌కు తాళం పడి ఉండగానే, నొగను జాకీతో ట్రక్కు సహా పైకి లేపి కడ్డీల బిగువు తగ్గించాలి. బిగువు మీదున్న కడ్డీ ఒక్కసారిగా విడిపోతే ఎముకలు విరుగుతాయి.

బరువును పంచినంత మాత్రాన ట్రక్కు లాగగల పరిమితి పెరగదు, మొత్తం బరువూ తగ్గదు. నీటి ట్యాంకు నిండినా, వెనుక అరలో సామాను చేరినా నొగ బరువు మారుతుంది కాబట్టి, యాత్రకు ముందు టేపు కొలతను ట్రక్కుల కాటా మీద ఇరుసు వారీగా ఒకసారి సరిచూసుకోవాలి.