విండోస్ కాని చోట ఉద్యోగాలు

ప్రపంచంలో వాడుకలో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లలో నూటికి 70 వరకు విండోస్ మీదే నడుస్తాయి. మిగతా వాటాలో మ్యాక్, లైనక్స్‌తో పాటు జనం పేరు కూడా మరిచిపోయిన కొన్ని పాత వ్యవస్థలూ ఉన్నాయి. వాటి మీద పనిచేసే ప్రోగ్రామర్లకు గిరాకీ లేదన్న మాట సగమే నిజం. ఉద్యోగాలు తక్కువే, కానీ పని తెలిసినవాళ్లూ తక్కువే.

హైదరాబాద్‌లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద జావా, పైథాన్, శాప్ లాంటివే ఎక్కువ. మ్యాక్ ప్రోగ్రాములు రాయడం నేర్పే చోటు వెతుక్కోవాలి. ఆ మాటకొస్తే, 2016 మేలో సీఈఓ టిమ్ కుక్ వచ్చి ప్రారంభించిన యాపిల్ హైదరాబాద్ కేంద్రం మొదలైంది కూడా మ్యాక్ ప్రోగ్రాములతో కాదు, మ్యాప్స్ పనితోనే. పైగా 2013లో వచ్చిన ఎలక్ట్రాన్ అనే పనిముట్టు వల్ల వెబ్ పేజీ రాసినట్టు ఒక్కసారి రాస్తే విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడిచే వీలు కలిగింది. దాంతో మామూలు కంపెనీలకు ఒక్కోదానికి ఒక్కో మనిషిని పెట్టుకునే అవసరం తగ్గింది.

ఆ సౌకర్యం పనికిరాని చోట్లే గిరాకీ మిగిలింది. సినిమా గ్రాఫిక్స్ అలాంటిది. పెద్ద స్టూడియోల వర్క్‌స్టేషన్లు ఏళ్లుగా లైనక్స్ మీదే ఉన్నాయి. ఆర్టిస్టుల మధ్య షాట్లు చేతులు మారడానికి కావలసిన పనిముట్లను పైథాన్‌లో రాసే పైప్‌లైన్ డెవలపర్లు అక్కడ తప్పనిసరి.

రెండోది ఫ్యాక్టరీ. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో ఉన్న మేళ్లచెరువు సున్నపురాయికీ సిమెంటుకూ పేరుపడ్డ ఊరు. మై హోం వారి మహా సిమెంట్ ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. ఇలాంటి ఫ్యాక్టరీలో అసలు పని కిల్న్ అనే తిరిగే గొట్టపు కొలిమిలో జరుగుతుంది. దాదాపు 1,450 డిగ్రీల వేడిలో ముడిపదార్థం క్లింకర్‌గా మారుతుంది. కిల్న్‌ను కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చున్న ఆపరేటరు నడిపిస్తాడు. తెర ఆగితే ఆయనకు కళ్లు కట్టేసినట్టే. వేడి మీదున్న కిల్న్ తిరగకుండా నిలిచిపోతే గొట్టమే వంగిపోవచ్చు, లోపలి ఇటుకలు పగలొచ్చు. అందుకే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను షట్‌డౌన్ దాకా ఎవరూ ముట్టుకోరు.

ఇలా 1990ల నాటి వ్యవస్థలు ఫ్యాక్టరీల్లో చాలాకాలం బతుకుతాయి. ఏబీబీ కంపెనీ అడ్వాంట్ ఆపరేటర్ స్టేషన్లు హెచ్‌పీ-యూఎక్స్ అనే యూనిక్స్ మీద నడిచేవి. వీటిని కొత్తవాటికి మార్చేవాడికి పాత తెరలు తిరిగి గీయడం ఒక్కటే వస్తే చాలదు. కిల్న్‌లోంచి గాలిని లాగే ఐడీ ఫ్యాన్ ఆగితే బొగ్గు, ముడిపదార్థం ఫీడ్ వెంటనే ఆగాలి. ఇలాంటి ఇంటర్‌లాకులు ఒక్కటీ జారిపోకుండా కొత్త ప్రోగ్రాములోకి రావాలి. యూనిక్స్‌తో పాటు కిల్న్ కూడా తెలిసినవాడికే ఇక్కడ విలువ.

వట్టి ప్లాట్‌ఫామ్‌నే నమ్ముకోవడంలో ప్రమాదం ఉంది. ఒకప్పుడు ఏటీఎంలను నడిపిన ఓఎస్/2కు ఐబీఎం 2006 చివర్లో మద్దతు ఆపింది. బ్యాంకులు విండోస్‌కు మారడంతో ఆ పనీ పోయింది. బ్యాంకింగ్ తెలిసినవాళ్లు మాత్రం కొత్త యంత్రాల మీదికి మారగలిగారు.

ఫ్యాక్టరీ ఉద్యోగాల ప్రకటనల్లో ‘ప్రోగ్రామర్’ అన్న మాట అరుదు. మేళ్లచెరువు దగ్గరి కోదాడ, హుజూర్‌నగర్ వైపు కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు వీటిని ఆటోమేషన్, ఇన్‌స్ట్రుమెంటేషన్, డీసీఎస్ (ఫ్యాక్టరీ కంట్రోల్ వ్యవస్థ) ఇంజనీర్ పేర్ల కింద వెతకాలి.