ఒకే గడప, రెండు పొయ్యిలు

నలుగురు ఆడవాళ్ళం కలిసినచోట తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మీ అత్తగారు మీ దగ్గరే ఉంటారా?" అని. చాలా ఏళ్ళు నేను, "లేదండీ, మేము నంద్యాలలో, ఆమె ఆళ్ళగడ్డలో" అని చెబుతూ వచ్చాను. అడిగినవాళ్ళు "ఓహో" అని ఊరుకునేవారు. కోడలికి పడలేదు కాబోలు అన్న అర్థం ఆ "ఓహో"లోనే ఉండేది. ఏ వయసువాళ్ళు ఎవరితో ఉంటున్నారు, ఎలా ఉంటే అందరికీ మర్యాదగా ఉంటుంది అన్నది ఈవేళ కాస్త ఆలోచిద్దాం.

జనాభా లెక్కలవాళ్ళు కుటుంబాన్ని దేనితో కొలుస్తారో తెలుసా? వంటింటితో! మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్ళంతా వాళ్ళ లెక్కలో ఒక కుటుంబం. ఒకే మిద్దెలో అన్నదమ్ములిద్దరు వేరువేరుగా వండుకుంటే రెండు కుటుంబాలు. మన పెద్దవాళ్ళు "పొయ్యి వేరైంది" అనేదీ ఇదే. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 8.46 కోట్ల జనం, 2.1 కోట్ల కుటుంబాలు. అంటే సగటున ఇంటికి నలుగురే. కానీ పొయ్యి వేరైనంత మాత్రాన బంధుత్వం వేరవుతుందా? కాదు కదా!

ఇక వయసులవారీగా చూడండి. మా తరంలో చాలామంది ఆడపిల్లలం పుట్టింటి నుంచి నేరుగా అత్తింటికే వెళ్ళాం. ఇప్పుడు ఇరవైల్లో ఉన్న పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళి, ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకుని వంతులవారీగా వండుకుంటున్నారు. లెక్క ప్రకారం అదీ ఒక కుటుంబమే! ముప్ఫైల్లో పెళ్ళై, చంటిబిడ్డ ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు అమ్మనో అత్తనో పిలిపించుకుంటారు. అక్కడ అవసరం పెద్దవాళ్ళది కాదు, పిల్లలది. మనలాంటి నడివయసు వాళ్ళ ఇళ్ళలో పిల్లలు ఒక్కొక్కరే బయలుదేరేసరికి, పెద్దవాళ్ళకు మన తోడు అవసరమవుతుంది.

అరవై దాటినవాళ్ళు దంపతులిద్దరూ ఉన్నన్నాళ్ళు సొంత ఇంట్లోనే ఉండాలనుకుంటారు. చిక్కంతా ఒకరు పోయాక. పెళ్ళికూతురి వయసు పెళ్ళికొడుకు కంటే తక్కువ, ఆడవాళ్ళ ఆయుర్దాయం సగటున ఎక్కువ. కాబట్టి ఎక్కువగా మిగిలేది ఆడదే. రేపు ఆ చోట ఉండబోయేది మనమేనండీ.

"వెనకటి రోజుల్లో ఈ బాధ లేదు, కొడుకులు చూసుకునేవారు" అంటారు. మరి కొడుకులు లేనివాళ్ళో? అందుకే ఇల్లరికం పుట్టింది. మన పాత కర్నూలు జిల్లాలో, పక్కన బళ్ళారిలో, రెడ్ల కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడికి ఆస్తిలో భాగమిచ్చే ఆచారాన్ని బ్రిటిషు కాలంలో మద్రాసు హైకోర్టు కూడా ఒప్పుకుంది. అంటే అవసరాన్నిబట్టి ఏర్పాటు మార్చుకోవటం మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడు అవసరం మళ్ళీ మారింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చూస్తే, 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మందే. ఒక్క కూతురే ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు మన వీధిలో!

పోయినేడు మా అత్తమ్మకు జ్వరం వచ్చింది. రెండు రోజులు తలుపు తీయకపోతే పాలు పోసే అమ్మాయి చూసి ఫోను చేసింది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. ఆ బస్సులో కూర్చుని నేను పడిన బాధ చెప్పలేను. "ఇక మాతోనే ఉండాల" అన్నాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "నా పొయ్యి నాకుండాల. ఆళ్ళగడ్డ ఇల్లు నా పేరుమీదే ఉండాల" అంది. మొదట నాకు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే ఆమె మాటే నిజమనిపించింది.

మా ఎరుకలో ఒక పెద్దావిడ ఉన్న ఒక్క ఇల్లూ ప్రేమకొద్దీ కొడుక్కి రాసిచ్చింది. ఏడాది తిరక్కుండా ఆమె మంచం వెనక వసారాలోకి చేరింది. ఇలాంటి వాళ్ళకోసమే 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు, అంటే కొడుకులే కాదు కూతుళ్ళు కూడా, చూడకపోతే తల్లిదండ్రులు ఆర్.డి.ఓ. దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టంలో నెలకు 10,000 రూపాయల వరకు భృతి ఇప్పించే వీలుంది. చూసుకుంటారన్న షరతు మీద అరవై నిండినవారు రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతును కాగితంలో స్పష్టంగా రాయించుకోవటం చాలా ముఖ్యం. నోటిమాటను నమ్ముకుంటే తర్వాత చిక్కులు.

కాబట్టి పెద్దవాళ్ళను తెచ్చుకునే ముందే మూడు విషయాలు మాట్లాడుకోండి. వంట ఎవరిది? మందులకు, చేతిఖర్చుకు డబ్బు ఎవరిది? ఇల్లు ఎవరి పేరున ఉంటుంది? మొహమాటపడి దాటవేస్తే, అవే తర్వాత గొడవలవుతాయి.

ఇప్పుడు మా అత్తమ్మ మా ముందు గదిలో ఉంటోంది. చిన్న గ్యాసు పొయ్యి మీద తన జొన్నరొట్టె తనే కాల్చుకుంటుంది. ఆళ్ళగడ్డ ఇంటి తాళంచెవి ఆమె నడుముకే ఉంది. జనాభా లెక్కలవాళ్ళు వస్తే మమ్మల్ని రెండు కుటుంబాలుగా రాసుకుంటారేమో, రాసుకోనివ్వండి! మొన్న నాకు ఒళ్ళు బాగాలేకపోతే, ఆమె పొయ్యి మీదే మా అందరికీ వండిపెట్టింది.

ఈసారి ఎవరైనా "మా అత్త వేరే ఉంటుంది" అంటే "ఓహో" అనకండి. "ఆమెకు సుఖంగా ఉందా?" అని అడగండి. సెలవు.