పోపులపెట్టెకు నంబరు చీటీలు

రాండప్పా, అరుగు మీద కూచోండి. మన నోట ఈ ఊరు ఎప్పుడూ బళ్లారే. ఇంగ్లీషు కాగితాల్లో మాత్రం దొరలనాటి నుంచి బెల్లరీ. 2014 నవంబరు 1న బెంగళూరుతో పాటు దీన్నీ సరిచేసినారు. బోర్డులకైతే రంగు డబ్బా చాలు. మరి మన గాంధీనగర్ చిరునామా ఉండే కంప్యూటర్లలో ఎవరు మార్చాల?

ఆ వివరాలు దాచే చోటే డేటాబేస్. మీ అవ్వ పోపులపెట్టె అనుకోండి. మాటల్లో పడి, చూడకుండానే మూడో గిన్నెలో చెయ్యి పెడుతుంది, జీలకర్రే వస్తుంది. ప్రోగ్రామూ అంతే, ఫలానా గడిలో జిల్లా పేరుంటుందని నమ్ముకొని పోతుంది. మీ అమ్మ చెప్పకుండా గిన్నెలు మార్చిందనుకో, చారులో మెంతులు పడతాయి.

పైగా పెట్టె ఒకటి కాదు. ప్రోగ్రాం రాసేవాళ్ల దగ్గరొకటి, పరీక్ష చేసే చోటొకటి, జనం వాడేదొకటి. అందుకే ప్రతి మార్పునూ చీటీ మీద రాసి నంబరేస్తారు. వాళ్లు మైగ్రేషన్ స్క్రిప్టు అంటారు; ప్రోగ్రాంతో పాటే గిట్ అనే మార్పుల ఖాతాలో దాస్తారు. ఫ్లైవే అని 2010లో వచ్చిన పనిముట్టు ఒకటుంది. ప్రతి డేటాబేస్‌లోనూ చిన్న పట్టిక పెట్టుకొని, ఏ చీటీ దాకా అయిందో రాసుకుంటుంది. 41 దాకా అయిన చోట 42తో మొదలుపెడుతుంది. అయిపోయిన చీటీని ఎవరైనా గుట్టుగా దిద్దితే, చెక్‌సమ్ అనే గుర్తు కలవక ససేమిరా కదలదు. దాని మొండితనం నాకు భలే ఇష్టం! తప్పుంటే పాతది గీకేది లేదు, 43 రాయాల్సిందే.

2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది కదా, అది పేరు మార్పంత సులువు కాదు. ముందు కొత్త జిల్లాను పట్టికలో చేర్చాల, తర్వాతే తాలూకాలను దాని కిందికి పంపాల. చీటీల వరుస తప్పితే పోయే తాలూకాకు జిల్లా ఉండదు. ఇంకో మెలిక ఏమంటే, 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి. అంతకు ముందు ఆదోనిలో పుట్టినాయప్ప పుట్టింది బళ్లారి జిల్లాలోనే గదా! అట్లాంటి వివరాన్ని తుడిపి రాయకూడదు. ‘ఎప్పటి నుంచి’ అని ఇంకో గడి చేర్చాల. ఒక గడికి బదులు కొత్తది పెట్టినా, పాత గడిని అదే రోజు తీసెయ్యరు. కొన్ని యంత్రాల్లో పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తుంటుంది. అన్నీ కొత్తదానికి మారినాక, వచ్చే విడుదలలో వేరే చీటీ రాసి తీస్తారు.