ఉర్దూలో రాశారు గనుకే

1948లో హైదరాబాద్‌లోని కాచిగూడ నుంచి ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక వచ్చేది. దాని సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఏడు ఆగస్టులో నడివీధిలో చంపారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు.

నిజాం పాలన కోసం ఆయుధాలు పట్టిన రజాకార్లను ఆయనలాగే దుయ్యబట్టినవాళ్లు అప్పట్లో ఇంకా చాలామంది ఉన్నారు. మరి ఈయన మీదే అంత కక్ష ఎందుకు?

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవలేదు. 1947 నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం మాత్రం కుదిరింది. ఆ సందులో కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. సంస్థానంలోని ముస్లింలంతా తమ వెనకే ఉన్నారన్నది రజ్వీ వాదన. దాన్ని తెలుగు పత్రిక ఖండిస్తే, ‘వాళ్లు కాంగ్రెసువాళ్లు, అలాగే అంటారు’ అని కొట్టిపారేయొచ్చు. షోయబ్ విషయంలో ఆ మాట చెల్లదు. ఆయన ముస్లిం, ఉస్మానియా పట్టభద్రుడు. రాసింది దర్బారు భాషలో, రజ్వీ ఎవరిని కూడగడుతున్నాడో సరిగ్గా ఆ పాఠకులకే. ఇంట్లోవాడే కాదంటే ఇక బయటివాళ్లకు ఏం చెప్పుకుంటారు?

షోయబ్ మహబూబాబాద్ దగ్గరి సుబ్రవేడులో 1920లో పుట్టారు. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. డిగ్రీ చేతిలో ఉన్న ముస్లిం యువకుడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు అందనిదేం కాదు. ఈయన మాత్రం పత్రికల దారి పట్టి, మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో పనిచేశారు. దాన్ని ప్రభుత్వం మూయించింది. షోయబ్ అంతటితో ఊరుకోలేదు, కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు అండతో 1947 నవంబరు 15న ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టారు.

పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకో ప్రభుత్వం నడుస్తున్నాయని 1948 జనవరిలో రాశారు. చాలామంది దీన్నే ఆయన సాహసానికి గుర్తుగా చెబుతారు. నాకు మాత్రం ఆగస్టులో చేసిన పని అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. తహసీల్దారు కొలువు వదులుకున్న ఫరీద్ మీర్జాతో సహా ఏడుగురు ముస్లిం ప్రముఖులు భారత్‌లో విలీనమే మేలంటూ ఒక ప్రకటన చేశారు. దాన్ని షోయబ్ అచ్చేశారు. అందులో సంపాదకుడి సొంత ఆవేశం లేదు, ఏడు పేర్లున్నాయి. రజ్వీ చెబుతున్న ‘అంతా మా వెనకే’ అన్న లెక్క ఆ పేర్లతోనే తప్పిపోయింది.

తమకు ఎదురు లేచే చేతులు తెగిపడతాయని రజ్వీ ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సభలో హెచ్చరించారు. 21న పొద్దుపోయాక పత్రిక పని ముగించుకుని షోయబ్ తన బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి నడిచి వెళ్తున్నారు. వెనక నుంచి తుపాకీతో కాల్చారు. పడిపోయాక రాసే చెయ్యి నరికారు. అడ్డుపడబోయిన ఇస్మాయిల్ చేతినీ నరికారు. తెల్లవారేసరికి షోయబ్ ప్రాణం పోయింది. వేదిక మీది బెదిరింపు అక్షరాలా అమలయ్యింది.

ఇది జరిగిన 26 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం భారత్‌కు లొంగిపోయారు. విమోచనమా, విలీనమా అని ఏటా ఆ తేదీకి మనం వాదులాడుకుంటూనే ఉన్నాం. ఆ వేడిలో షోయబుల్లాను తన మతానికి ఎదురు తిరిగినవాడిగా చూపించడమూ కద్దు. అది ఆయనకు అన్యాయం. సాటి ముస్లింల మేలు కూడా విలీనంలోనే ఉందని వాళ్ల భాషలోనే వాళ్లకు నచ్చజెప్పాలని చూసినవాడాయన.