గోదావరి వరద – గాలి నడచిన దారి

వానలు మెండైన యేటనే వరద వచ్చునని సామాన్యుల తలంపు. గోదావరి చరిత్ర ఈ తలంపును నిలువనీయదు. 1986వ సంవత్సరమున దేశమంతటి నైరుతి వర్షము సగటుకంటె నూటికి సుమారు 13 వంతులు తగ్గెను. అయినను ఆ యేడు ఆగస్టు 16న భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగెను. అచట మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. అనావృష్టి యేట అంతటి నీరు ఎక్కడినుండి వచ్చినది?

సమాధానము ఆకాశమున కలదు. వర్షాకాలమున రాజస్థానమునుండి బంగాళాఖాతపు ఉత్తరాగ్రమువరకు ఒక అల్పపీడన ద్రోణి పరచుకొనియుండును. సముద్రమున పుట్టిన వాయుగుండములు సాధారణముగా దాని వెంబడినే వాయవ్యదిశకు సాగును. ద్రోణి దక్షిణమునకు జరిగినపుడు అవి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పోవును. వాటి నైరుతి భాగమున కుంభవృష్టి కురియును. ఆ నీరు శబరి, ఇంద్రావతి, ప్రాణహితల ద్వారా గోదావరిని చేరును. అదే ద్రోణి హిమాలయ పాదములకు తరలినచో ఇచట ఎండ కాయును. బీహారు, అస్సాములలో నదులు పొంగును. కాబట్టి వరదకు యేడాది మొత్తపు వానకంటె, కొలది దినములు గాలి నడచిన దారియే ముఖ్యము.

ఆ గాలులకు దూరసముద్రములతో గల సంబంధమును లెక్కలతో వెదకినవాడు గిల్బర్ట్ వాకర్. 1904లో భారత వాతావరణ శాఖాధిపతిగా వచ్చిన ఈ గణితజ్ఞుడు, పసిఫిక్ సముద్రమున వాయుపీడనము హెచ్చినపుడు హిందూ మహాసముద్రమున తగ్గుటను గమనించెను. త్రాసు తక్కెడలవంటి ఈ ఊగిసలాటకు 1924లో ‘దక్షిణ డోలనము’ అను అర్థము వచ్చు పేరిడెను. పసిఫిక్ మధ్య, తూర్పు జలములు వేడెక్కిన ఎల్‌నినో యేట మన వానలు తరచు తగ్గును. చల్లబడిన లానినా యేట తరచు హెచ్చును. లానినా కొనసాగిన 2022లో, జులై 16న, భద్రాచలమున నీరు 71.3 అడుగులకు చేరెను.

ఇపుడు ఈ యేర్పాటే మారుచున్నది. ఇరువదవ శతాబ్ది నడిమికాలమునుండి వర్షాకాలపు వాయుగుండముల సంఖ్య తగ్గెను. కాని 1950–2015 నడుమ మధ్యభారతమున విశాల ప్రదేశములపై ఒక్కమారుగా కురియు అతివృష్టులు సుమారు మూడింతలయ్యెను; అచటి మొత్తపు వాన మాత్రము తగ్గెను. అరేబియా సముద్రముమీది పడమటి గాలులు ఒడుదొడుకులకు లోనై, ఒక్కొక్కమారు ఆవిరిని వెల్లువగా తెచ్చుటయే ఇందుకు ప్రధాన కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. వేడి గాలికి మోతశక్తియు అధికము. ఒక డిగ్రీ హెచ్చినచో నూటికి సుమారు 7 వంతుల ఆవిరిని ఎక్కువగా నిలుపుకొనగలదు.

అడవుల నరకివేత, జలాశయముల నిర్వహణ, నేల తడి – ఇవియు వరదను మార్చును. కావున ప్రతి వరదకు ఒక్క కారణమునే చూపుట తగదు. అయినను కరకట్టల ఎత్తు, వంతెనల ఎత్తు, లంకవాసులు ఊరు విడువవలసిన వేళ – ఇవన్నియు గడచిన వరదల లెక్కపై నిర్ణయమైనవి. నూరేండ్లకొకమారు వచ్చునన్న వరద, గాలుల తీరు మారినచో, అంతకుముందే రావచ్చును. పాత వరద గోడపై విడిచిన గుర్తు గడచిన నీటి కొలత మాత్రమే. రాబోవు నీటికి అది హద్దు కాదు.